ఏకగ్రీవముగా

ట్రాయ్, మిషిగన్
ఆగస్టు 20, 2025

క్రిస్టినాకు మావయ్య దీవెనలు. మోకాళ్లు, చెవులు మినహాయిస్తే ఇక్కడ మేమిద్దరం ప్రభువు దయవల్ల కులాసా.

ఫోన్లో నువ్వు అరవడం, నేను "ఆఁ?" అనడం, మధ్యలో మీ అత్త అందుకుని నువ్వు అనని మాటలు కూడా కలిపి చెప్పడం, ఇదంతా చూశాక ఉత్తరమే నయమనిపించింది. హియరింగ్ ఎయిడ్ పెట్టుకుంటే మనుషుల మాటకన్నా ఫ్రిజ్ మోత ఎక్కువ వినిపిస్తోంది. నువ్వూ ఉత్తరమే రాయి. మా అక్క నీకు తెలుగు నేర్పిన కష్టం ఊరికే పోకూడదు.

విషయానికొస్తాను. మీ అమ్మ పోయి నవంబరుకి ఏడాది. ఎనిమిదో తారీకు శనివారం ఇక్కడ మన సంఘంలోనే జ్ఞాపకార్థ కూడిక. సమాధి ఇక్కడే కదా. జీవిత చరిత్ర మామూలుగానే నేను రాశాను. ముప్ఫై ఏళ్లలో ఈ సంఘంలో పోయినవాళ్లందరికీ నేనే రాశాను. ఇది నలభై రెండోది. పాస్టరుగారు ఐదు నిమిషాలు ఇచ్చారు. నాలుగు నిమిషాల నలభై సెకన్లు వచ్చేలా కుదించాను. పుట్టింది ఎక్కడ, ఏ మిషన్ ఆస్పత్రిలో నర్సింగ్ చదివింది, మీ నాన్న లెవి బావతో పెళ్లి, డెట్రాయిట్ రావడం, నువ్వు పుట్టడం, అన్నీ వరసగా ఉన్నాయి. మధ్యలో ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగి చూడు:

"1994వ సంవత్సరము మొదలుకొని 2003 వరకు అనారోగ్య కారణముల వలన సంఘ కార్యక్రమములకు దూరముగా నుండిరి. తదుపరి ప్రభువు కృపచేత మరల సహవాసములో చేరిరి."

తప్పులుంటే సరిదిద్ది పంపు. ఐరిష్ నవలల మీద నీ పుస్తకం ఎంతవరకు వచ్చింది? ఏడేళ్లుగా రాస్తున్నావు. మా ప్లాంటులో అయితే ఏడేళ్లలో రెండు కార్ల మోడళ్లు వచ్చి, పాతబడి కూడా పోయేవి. ఊరికే వేళాకోళానికి అన్నాను, కోపం తెచ్చుకోకు.

ప్రార్థనలో నిన్ను మరవని
సైలస్ మావయ్య


ఫ్రీమాంట్, కాలిఫోర్నియా
ఆగస్టు 29, 2025

మావయ్యకి,

నా తెలుగు అమ్మకి బైబిల్ చదివి వినిపిస్తూ నేర్చుకున్న తెలుగు. అక్కడక్కడ పాతనిబంధన వాసన కొడితే సర్దుకోండి.

అనారోగ్యమా? మీరు ఆ మాట ఎలా రాయగలిగారు? ఆ తొమ్మిదేళ్లలో అమ్మ ఒక్కరోజు సిక్ లీవ్ పెట్టలేదు. ఐసీయూలో డబుల్ షిఫ్టులు చేసింది. జబ్బు చేసింది అమ్మకి కాదు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. చిన్నపిల్లనని మీరు కొట్టిపారేయకండి, నాకు గుర్తున్నది చెప్తాను. అంతకుముందు ఏడాది అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు నలభై రోజులు జానకీదేవి ఆంటీ మా ఇంటికి క్యారేజీ తెచ్చింది. హాస్పిటల్లో అమ్మ పక్క యూనిట్లో పనిచేసే ఆంటీ. ఆ ఆగస్టులో ఆవిడ వరలక్ష్మీ వ్రతం చేసుకుంటూ పిలిస్తే అమ్మ వెళ్లింది. పూజలో కూర్చోలేదు, సోఫాలో కూర్చుంది. ఆంటీ తాంబూలమిచ్చి అందరి కాళ్లకీ రాసినట్టే అమ్మ కాళ్లకీ పసుపు రాసింది. పసుపు రెండు రోజులకి పోదని అమ్మకి తట్టలేదు. ఆదివారం చెప్పులేసుకుని చర్చికి వచ్చింది. నేను పక్కనే కూర్చున్నాను. వెనక బెంచీవాళ్లు అమ్మ కాళ్లు చూడటం నేను చూశాను.

ఆ పసుపుకే కదా అమ్మని రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్లకి దూరం పెట్టారు? సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకోమన్నారు, ఒప్పుకోనంది. అంతే జరిగింది. అది రాయండి. ఒక్క వాక్యం చాలు, మీ ఐదు నిమిషాల్లో పట్టేస్తుంది.

నా పుస్తకం గురించి అడిగారు. ఈ పార్శిల్లో ఒక నవల పంపుతున్నాను. తొంభై ఏళ్ల కిందటి ఐరిష్ నవల, నా పుస్తకంలో రెండు అధ్యాయాలు దీని మీదే. ఒక చిన్న ఊళ్లో పోస్టాఫీసు నడిపే ముసలావిడ. సిపాయిలు వచ్చి ఆ ఊరి పాల సొసైటీ తగలబెట్టిన రోజు గురించి ఆరుసార్లు చెప్తుంది, ఆరుసార్లూ ఆరు రకాలుగా. నవలంతా అంతే. ఆ కాలపు ఐరిష్ రచయితలకి చరిత్ర అంటే చిరాకు. మొదట పాలించినవాళ్లు తమకి కావాల్సినట్టు రాశారు, తర్వాత స్వతంత్రం తెచ్చినవాళ్లు తమకి కావాల్సినట్టు విగ్రహాలు పెట్టారు. రెండింటిలోనూ మామూలు మనిషికి చోటు లేదు. అందుకని వీళ్లు కాగితాన్ని వదిలేసి, ఒక మనసు ఒక రోజు చుట్టూ ఎలా తిరుగుతుందో అదే రాశారు. చదవండి. మీకు పనికొస్తుంది.

క్రిస్టినా


ట్రాయ్
సెప్టెంబరు 10, 2025

క్రిస్టినాకు, పుస్తకం అందినదని తెలియజేస్తూ మావయ్య.

చదివాను. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ముప్ఫై ఒక్క ఏళ్లు క్వాలిటీలో పనిచేసినవాణ్ణి, చెయ్యి ఊరుకోదు. మొదటి అధ్యాయంలో పాల క్యాన్లు ఏడు, నాలుగులో తొమ్మిది. ఒకచోట ఆ రోజు వాన కురుస్తూ ఉంటుంది, ఇంకోచోట దుమ్ము రేగుతుంది; వానలో బిల్డింగు అంత తొందరగా ఎలా కాలిందో ఎవరూ అడగరు. కుక్క రెండుసార్లు చచ్చిపోయింది. ఇరవై మూడు తప్పులు తేలాయి, లిస్టు జత చేశాను. ఇలాంటి సరుకు మా లైను మీద నుంచి వస్తే ట్రక్కు ఎక్కనిచ్చేవాణ్ణి కాదు.

నువ్వు ఇది ఎందుకు పంపావో నాకు అర్థం కాలేదనుకుంటున్నావేమో. ఐదో అధ్యాయంలో సొసైటీ సెక్రటరీ ఉన్నాడు కదా, పై వాళ్లకి రిపోర్టు పంపుతూ "భవనము అగ్నిప్రమాదములో నష్టమైనది" అని రాస్తాడు, నిప్పు పెట్టిందెవరో రాయడు. ఆ సెక్రటరీ నేనేనా? సూటిగా అనొచ్చుగా, మూడొందల పేజీలు పోస్టు చెయ్యడం ఎందుకు?

జీవిత చరిత్ర అంటే కోర్టు కాదమ్మా. ముందు వరసలో ఏడుస్తూ ఇంటివాళ్లు కూర్చుంటారు. నేను నలభై ఒక్కమందికి రాశాను. తాగినవాళ్లు ఉన్నారు, పెళ్లాన్ని కొట్టినవాడు ఉన్నాడు, పదిహేనేళ్లు అన్నదమ్ములతో మాట్లాడనివాళ్లు ఉన్నారు. ఎవరిది రాయమంటావు? పోయినవాళ్లని మర్యాదగా సాగనంపడం తప్పని ఏ కాలేజీలో చెప్తున్నారు? నువ్వు ఇదంతా నీ పుస్తకంలోకి ఎక్కించి, మా అక్కని నీ ముసలావిడ పక్కన కూర్చోబెడతావేమోనని నా భయం. ఆ పని చెయ్యకు.

నీ మాట కాదనలేక "అనారోగ్య కారణముల వలన" తీసేసి "కొన్ని కారణముల వలన" అని మార్చాను.

ఇంకొక మాట. ఎన్నడూ చెప్పలేదు, ఇప్పుడు చెప్పక తప్పేలా లేదు. ఆ సంఘ కమిటీలో అక్క పక్షాన నిలబడ్డది నేనొక్కణ్ణే. అధ్యక్షుడు సామ్యూల్‌గారు తీర్మానం చదువుతుంటే నేను లేచాను. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఈ చెవుల్లో మిగిలిన చప్పుళ్లు కొన్నే. లేచి, ఇది తగదన్నాను. నా మాట ఎవరూ పట్టించుకోలేదు. నువ్వు తొమ్మిదేళ్ల పిల్లవి, బయట సండే స్కూల్లో రంగులేసుకుంటున్నావు. లోపల ఏం జరిగిందో నీకేం తెలుసు?

మావయ్య

మీ అత్త కాకరకాయ పొడి పంపింది. బావకి ఇవ్వు.


ఫ్రీమాంట్
సెప్టెంబరు 19, 2025

మావయ్యకి,

ఆ సెక్రటరీ సంగతి నాకసలు తట్టనే లేదు. ఒట్టు. మీకు ఆ ముసలావిడ నచ్చుతుందని పంపాను. మీరే వెతుక్కుని ఆ కుర్చీలో కూర్చున్నారు. ఇప్పుడు మీరన్నాక మళ్లీ చదివితే, అవును, బాగానే పోలిక ఉంది.

మీ ఉత్తరంలో చివరి మాట చదివి నేను ఏడ్చాను. మావయ్య లేచాడట అని నాన్నకి చెప్పాను. నాన్న టీవీ సౌండు పెంచాడు. మీరు లేచినందుకు రుజువుగా ఎక్కడైనా ఓ ముక్క దొరుకుతుందేమో, దాన్ని పట్టుకుని ఇన్నేళ్ల కోపం దించుకోవచ్చేమోనని అమ్మ బైబిల్ తీశాను. పోయినప్పట్నుంచీ దాన్ని ఎవరూ తెరవలేదు. కీర్తనల దగ్గర ఒక కవరు ఉంది. జిరాక్స్ ఇందులో పెట్టాను, చూడండి.

"సహోదరి నవోమిగారు అన్యాచారములో పాలుపొందినందున, సంఘము ఎదుట ఒప్పుకోలు చేయు పర్యంతము ప్రభువు బల్లలో పాలు పొందకుండవలెనని తీర్మానించడమైనది. ఈ తీర్మానమును కమిటీ ఏకగ్రీవముగా ఆమోదించినది."

సెప్టెంబరు 11, 1994. కింద సంతకం మీది. అక్షరాలు మీవి. మీ పుట్టినరోజు కార్డుల మీద ఇదే చేతిరాత చూస్తూ పెరిగాను, నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. మా అమ్మని బల్ల నుంచి లేపేసిన ఉత్తరం మా మావయ్య రాశాడా? ఏకగ్రీవముగా అంటే ఏమిటి మావయ్యా? ఒకాయన లేచి కాదన్నాక ఏకగ్రీవం ఎలా అవుతుంది?

మిమ్మల్ని ఈ దేశం తీసుకొచ్చింది అమ్మ. పిటిషన్ వేసి, ఎదురుచూసి, రెండేళ్లు మా బేస్‌మెంట్లో పెట్టుకుంది. మీకు డ్రైవింగ్ నేర్పింది. మీరు ఆ చేత్తోనే ఈ ఉత్తరం రాసి, స్టాంపు అంటించి, నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఇంటికి పోస్టు చేశారు. చేతికి ఇవ్వడానికైనా రాలేదు.

ఆ తర్వాత ప్రతి నెలా మొదటి ఆదివారం అమ్మ ఇంట్లో చపాతీ ఒకటి చేసి, ద్రాక్షరసం గ్లాసులో పోసి, నాకూ నాన్నకీ ఇచ్చేది. తాను తీసుకునేది కాదు. ఎందుకమ్మా అంటే, "నన్ను వద్దన్నార్రా" అనేది. అది నేను మరిచిపోను.

"కొన్ని కారణములు" అని మీరు చదివితే నేను అక్కడ కూర్చోలేను.

క్రిస్టినా


ట్రాయ్
సెప్టెంబరు 27, 2025

క్రిస్టినాకు,

జిరాక్స్ అందింది. నా చేతిరాతే. కాదనలేదు, కాదనను.

కమిటీ సెక్రటరీగా నా పని రాయమన్నది రాయడం. అధ్యక్షుడు ఏకగ్రీవమంటే ఏకగ్రీవమని రాయాలి. మినిట్స్‌లో నా గోడు రాసుకోవడానికి అది నా డైరీ కాదు. కానీ నేను లేచాను. లేచిన సంగతి నాకు తెలుసు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా తెలుసు.

నాకు ఒక్క మాట చెప్పు. నువ్వు క్లాసులో పిల్లలకి ఏం చెప్తున్నావు? కాగితం అబద్ధమాడుతుంది, గవర్నమెంటు రికార్డు నమ్మొద్దు, ఆ ముసలావిడ క్యాన్లు తప్పు లెక్కపెట్టినా ఆవిడ గుండెలో ఉన్నదే నిజం. అంతేనా? దానికి నీకు డాక్టరేట్ ఇచ్చారు. మరి నీ సొంత ముసలాయన తన గుండెలో ఉన్నది చెప్తే కాగితం తీసి మొహాన కొడతావేం? ఐర్లండ్ ఆవిడకొక న్యాయం, మావయ్యకొక న్యాయమా?

నువ్వు కూడికకి రావట్లేదని లెవి బావ మీ అత్తకి ఫోన్లో చెప్పాడట. మంచిది. చివరి ప్రార్థన నీ పేరున వేశాను, తీసేయమని పాస్టరుగారికి చెప్పాను. సొంత తల్లి కూడికకి రానిదానివి, ఇక దేనికి ఈ ఉత్తరాలు.

సైలస్


ఫ్రీమాంట్
అక్టోబరు 6, 2025

మావయ్యకి,

రానని ఎవరన్నారు? ఆ వాక్యం చదివితే కూర్చోలేనన్నాను. నాన్న దాన్ని "రావట్లేదు" చేసి అత్తకి చెప్పాడు, అత్త మీకు చెప్పింది, మీరు నా ప్రార్థన తీసేశారు. మన ఇంట్లో ఒక మాట ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లేలోపే వేరే మాట అవుతుంది. నా ప్రార్థన నాకు తిరిగి వేయించండి.

మీ ప్రశ్న మూడు రోజులు నమిలాను. నిజం చెప్తున్నాను. క్లాసులో ఆ నవల మీదే మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయాను. పిల్లలు నా మొహం చూస్తున్నారు. ఏడేళ్లుగా రాస్తున్న పుస్తకాన్ని మీరు ఒక్క పేరాలో పడగొట్టేశారు. ఎంత చిరాకు పుట్టిందంటే కంప్యూటర్ మూసేసి బట్టలు ఉతికాను.

ఇప్పుడు చెప్తాను. ఆ ముసలావిడ తప్పుగా గుర్తుపెట్టుకున్నందువల్ల ఆవిడకి ఒరిగిందేమీ లేదు. ఆరుసార్లూ ఆవిడ తలుపు వేసుకుని లోపలే ఉంటుంది, ఒక్కసారి కూడా వెళ్లి మంట ఆర్పినట్టు చెప్పుకోదు. క్యాన్లు మారతాయి, వాన మారుతుంది, ఆవిడ సిగ్గు మారదు. అందుకని నేను ఆవిడని నమ్ముతాను. మీ కథలో మీరు లేచారు. మీకు కావాల్సినట్టుగానే గుర్తుంది. ఆ రచయితలు అధికారుల చరిత్రని ఎంత అనుమానించారో, మనిషి తనని తాను ఓదార్చుకోవడానికి దాచుకునే జ్ఞాపకాన్నీ అంతే అనుమానించారు. ఇది నా పుస్తకంలో లేదు. ఉండాల్సింది. మీతో పోట్లాడాక తెలిసింది, దానికి మీకు థాంక్స్ చెప్పాలంటే ఒళ్లు మండుతోంది.

ఇంకో సంగతి. జానకీదేవి ఆంటీకి ఫోన్ చేశాను. ఇప్పుడు ఫ్రిస్కోలో కొడుకు విశాల్ దగ్గర ఉంటోంది. ఆవిడకి ఎనభై, గొంతు మాత్రం అలాగే ఉంది. ఈ గొడవంతా తన వల్లేనని మళ్లీ మొదలుపెట్టింది. నేను వద్దని, అమ్మ ఆ రోజుల్లో ఏమనేదో చెప్పమన్నాను. ఆంటీ అన్న మాట అలాగే రాస్తున్నాను.

"మీ అమ్మకి కమిటీ మీద కోపం లేదే. వాళ్లంతే అనేది. ఒక్కటే అడిగేది నన్ను. 'జానకీ, మా తమ్ముడు ఆ గదిలో ఏమని ఉంటాడు?' అని. నాకెలా తెలుస్తుంది తల్లీ? వెళ్లి అడగమన్నా. అడిగిందిట కూడా, తర్వాతెప్పుడో. అతను కాఫీ తాగుతావా అక్కా అన్నాట్ట."

అమ్మ మిమ్మల్ని అడిగిందా మావయ్యా? మీరు నిజంగా లేచి ఉంటే ఆ మాట అమ్మకి ఎందుకు చెప్పలేదు? నాకు చెప్పారు, పోయాక చెప్పారు. 2003లో కొత్త పాస్టరుగారు వచ్చి ఏమీ అడక్కుండా అమ్మ చేతిలో రొట్టె పెట్టాక మళ్లీ ఇరవై ఏళ్లు మీరిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఒక్క మాట సరిపోయేది. ఆ ఒక్క మాట కోసం అమ్మ చూసింది.

నాకు వేరే ఏమీ వద్దు. ఇది చెప్పండి.

క్రిస్టినా


ట్రాయ్
అక్టోబరు 22, 2025

క్రిస్టినాకు మావయ్య.

జవాబు ఆలస్యమైంది. నీ ఉత్తరం నాలుగు రోజులు డైనింగ్ టేబుల్ మీదే పెట్టుకున్నాను. మీ అత్త తీసి పక్కన పెడితే కసురుకున్నాను.

అక్క అడిగింది. 2003 తర్వాతే, మా ఇంటి వంటగదిలో. "ఆ రోజు నువ్వేమన్నావురా" అంది. కాఫీ తాగుతావా అన్న మాట కూడా నిజమే. ఎందుకు చెప్పలేదని నువ్వు అడిగావు. లేచినవాణ్ణి, కాదన్నవాణ్ణి, సొంత అక్క అడిగితే గొప్పగా చెప్పుకోవాలి కదా. చెప్పుకోలేదంటే ఎక్కడో తేడా ఉంది. మా ప్లాంటులో అయితే అక్కడే లైను ఆపేవాణ్ణి. నా విషయంలో ముప్ఫై ఒక్క ఏళ్లు ఆపలేదు.

శనివారం సామ్యూల్‌గారిని చూడటానికి వెళ్లాను. ఆ కమిటీలో ఆయనా నేనూ మాత్రమే మిగిలాం. తొంభై ఒకటి ఆయనకి, సీనియర్ హోమ్‌లో ఉంటున్నాడు. పొద్దున టిఫిన్ ఏం తిన్నాడో చెప్పలేడు. ఆ మీటింగు గుర్తుందా అంటే గుర్తుందన్నాడు. మా అక్క విషయం వచ్చినప్పుడు నేను లేచాను కదా అన్నాను. నాకు సాక్ష్యం కావాలి, నీకు రాసి పంపాలి. అందుకే వెళ్లాను, నీ దగ్గర దాపరికమెందుకు.

ఆయన నవ్వాడు. "లేచావయ్యా సైలసూ. పెన్ను ఆగిపోయింది నీది. ఇంకో పెన్నుందా అండీ అని లేచావు. నా జేబులోది నేనే ఇచ్చా" అన్నాడు.

ముసలాయనకి మతి లేదనుకుని వచ్చేద్దామనుకున్నాను. కారు దాకా వచ్చాను కూడా. తాళం తిప్పుతుంటే నాకే గుర్తొచ్చింది. ఆయన ఇచ్చింది నల్ల ఇంకు పెన్ను. నాది నీలం. రంగు ఆయన చెప్పలేదు క్రిస్టినా. నాకు నేనే చెప్పుకున్నాను.

కుర్చీ చప్పుడు నిజమే. లేచిందీ నిజమే. దాని తర్వాత నేనన్నాననుకున్న మాట మాత్రం ఎవరూ అనలేదు. అది ఎప్పుడు తయారైందో నాకు తెలియదు. మొదటి క్రిస్మస్‌కి మీ ఇంటి ముందు కేకు పెట్టి బెల్లు కొట్టకుండా వచ్చేశానే, అప్పటికే మొదలై ఉంటుంది. ఏటేటా కొంచెం కొంచెం నిలబడ్డాను. చివరికి మాట కూడా వచ్చింది.

నువ్వు పంపిన జిరాక్స్‌లో ఇంకు రంగు తెలియడం లేదు. అసలు కాగితం నీ దగ్గర ఉంది. వీలుంటే చూసి చెప్పు, ఎక్కడ మారిందో. నాకు అంతవరకు గుర్తు లేదు.

నా మీద నాకు అసహ్యంగా ఉంది. ఎవరికి చెప్పుకోవాలో తెలియక నీకు చెప్తున్నాను, నీకే చెప్పకూడదు నిజానికి.

జీవిత చరిత్రలో ఆ భాగం తిరగరాశాను. గ్రాంథికం రాలేదు, ఇలాగే వచ్చింది:

"1994లో కమిటీ నవోమిగారిని ప్రభువు బల్లకు దూరం పెట్టింది. కష్టకాలంలో అన్నం పెట్టిన స్నేహితురాలు కాళ్లకు పసుపు రాస్తే కాళ్లు వెనక్కి తీసుకోకపోవడం ఆమె చేసిన పని. ఆ ఉత్తరం రాసింది ఆమె తమ్ముడు సైలస్. ఆ గదిలో తమ్ముడు ఏమన్నాడని ఆమె అడిగింది. అతను ఏమీ అనలేదు."

పాస్టరుగారికి పంపాను. సంఘం ఎదుట ఇవన్నీ ఎందుకు అంకుల్, పాత సంగతులు కదా అన్నారు. పాతవి కాబట్టే జీవిత చరిత్రలో ఉంటాయి అన్నాను. ఐదు నిమిషాలకి ఇరవై సెకన్లు ఎక్కువవుతుంది. మైకు దగ్గర కుర్చీ వేయిస్తానన్నారు, కూర్చునే చదవమన్నారు.

చివరి ప్రార్థన నీ పేరున మళ్లీ వేయించాను. నువ్వు వచ్చినా రాకపోయినా ఇది చదువుతాను. వస్తే మా ఇంట్లో దిగమని అడిగే మొహం నాకు లేదు. మీ అత్త అడగమంటోంది.

సైలస్


ఫ్రీమాంట్
అక్టోబరు 30, 2025

మావయ్యకి,

నాన్నా నేనూ శుక్రవారం మధ్యాహ్నం దిగుతున్నాం. మీ ఇంట్లోనే. అత్తకి చెప్పండి, నాన్నకి పచ్చళ్లు తగ్గించమన్నారు.

మీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. ఈసారి టీవీ ఆపాడు. "వాడు తన పక్షాన నిలబడలేదని మీ అమ్మకి తెలుసమ్మా. వాడి నోటితో వినాలనుకుంది" అన్నాడు. అమ్మకి తెలుసని నాన్నకి తెలుసు, మీకు తెలియనట్టు ఉండటం మీకు అలవాటైంది, మధ్యలో నేనొక్కదాన్నే ఇన్నేళ్లు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియకుండా పెరిగాను. నిజం చెప్పేశారు కదా, తేలిగ్గా ఉంటుందనుకున్నాను. లేదు. ఇంకా ఎక్కువ కోపంగా ఉంది. మీరు అబద్ధంలో ఉంటే పోట్లాడటానికి నాకు చోటు ఉండేది. ఇప్పుడు అదీ లేదు, అమ్మా లేదు.

కాగితం కిటికీ దగ్గర పెట్టి చూశాను. మీరడిగారు కాబట్టి చెప్తున్నాను. "ఈ తీర్మానమును కమిటీ" అన్నంతవరకు నీలం. అక్కడ ఇంకు సన్నబడి, చివరి అక్షరం గీత మాత్రమే పడింది. తర్వాతి మాట నుంచి నలుపు. మీరు లేచి, పెన్ను తీసుకుని, వచ్చి కూర్చుని, మొదట రాసింది "ఏకగ్రీవముగా".

అంత సమయం ఉంది మావయ్యా. కుర్చీ దగ్గర నుంచి ఆయన జేబు దాకా వెళ్లి వచ్చినంత సమయం.

మీరు రాసిన వాక్యాల్లో నేను ఒక్క అక్షరం మార్చను. అవి మీరే చదవాలి, నన్ను చదవమని అడగొద్దు. జానకీదేవి ఆంటీ కూడా వస్తోంది, విశాల్ టికెట్ బుక్ చేశాడు. నాన్నా, ఆంటీ, నేనూ ముందు వరసలో ఉంటాం.

కుర్చీ వద్దని పాస్టరుగారికి చెప్పండి. నిలబడి చదవండి.

క్రిస్టినా